రెండో రోజు ఉదయం: నూర్‌సుల్తాన్ ప్రపంచ కుస్తీ పోటీల యాత్ర

సెప్టెంబర్ 15, ఆదివారం

ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, అంతకన్నా ముందు మా ఊరి వ్యాయామశాలలో వస్తాదు గారి చేతి కింద దండీలు, బస్కీలు తీసి పెరిగిన నాకు, ప్రపంచ స్థాయి కుస్తీ పోటీలను ఒక్కసారైనా కళ్ళారా చూడాలన్న కోరిక చాలాకాలంగా మిగిలిపోయింది. 2019 సెప్టెంబర్ 14 నుంచి 22 వరకు కజాఖ్‌స్తాన్ రాజధాని నూర్‌సుల్తాన్‌లో ప్రపంచ కుస్తీ చాంపియన్‌షిప్ జరుగుతుందనీ, ఒలింపిక్స్‌లో ఉన్న ప్రతి బరువు తరగతిలోనూ మొదటి ఆరు స్థానాల్లో నిలిచినవారి దేశాలకు టోక్యో ప్రవేశం దక్కుతుందనీ తెలిసిన రోజునే, ఢిల్లీలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "టికెట్ల సంగతి నేను చూసుకుంటాను మావయ్యా, మీరు స్వెట్టరు మాత్రం మరిచిపోకండి" అన్నాడు.

విశాఖపట్నంలో తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నానికి ఢిల్లీ చేరి, అక్కడి నుంచి ఇద్దరం కలిసి అల్మాటీ విమానం ఎక్కాము. నా చేతిసంచిలో ఒక గీతల నోటుపుస్తకం, రెండు పెన్సిళ్ళు, ఒక రబ్బరు ఉన్నాయి. మా ఊళ్ళో సంక్రాంతి కుస్తీలు జరిగినప్పుడల్లా జతల పట్టిక గీయడం నా పనే కాబట్టి, ఇక్కడ కూడా భారత మల్లయోధుల పేర్లతో ముందే పట్టికలు గీసి పెట్టుకున్నాను. ఆనాటి ఆ పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకునే ఇప్పుడు ఈ కథనం రాస్తున్నాను.

సెప్టెంబర్ 16, సోమవారం

అల్మాటీలో దిగాక నా పెట్టె రాలేదు. మేనల్లుడు గుర్తుచేసిన స్వెట్టరు అందులోనే ఉండిపోయింది. విమానాశ్రయంలో ఫిర్యాదు రాసిచ్చి, ఊళ్ళో ఒక దుకాణంలో ముదురు నీలం ఉన్ని స్వెట్టరు కొనుక్కుని, ఆ రోజంతా దానితోనే తిరిగాను. ఊరికి దక్షిణాన గోడ కట్టినట్టు మంచుకొండలు నిలబడి ఉంటాయి. కజఖ్ భాషలో 'అల్మా' అంటే ఆపిల్ అని, మనం తినే ఆపిల్ పండ్లకు మూలమైన అడవి జాతి ఈ కొండల ప్రాంతానిదేనని మేనల్లుడు చెప్పాడు. వీధి చివర ఒక ముసలావిడ దగ్గర అరడజను పండ్లు కొని, సాయంత్రం రాజధానికి వెళ్ళే రైలెక్కాము.

సెప్టెంబర్ 17, మంగళవారం

తెల్లవారి కిటికీ తెర తీసేసరికి చెట్టూ చేమా లేని గడ్డిమైదానం కంటికి ఆనినంత మేరా పరుచుకుని ఉంది. ఆ పసుపుపచ్చని గడ్డి మీదుగా వచ్చే గాలికి అడ్డమన్నదే లేదు కాబట్టి, రైలు దిగగానే అది నేరుగా ముఖాన కొట్టింది. అస్తానా అనే ఈ ఊరికి ఆ ఏడాది మార్చిలోనే, పదవి వీడిన అధ్యక్షుడి గౌరవార్థం నూర్‌సుల్తాన్ అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ పాత పేరే వచ్చింది. మేము వెళ్ళినప్పుడు దుకాణాల బోర్డుల మీద రెండు పేర్లూ కనిపించేవి.

బస చేసిన చోట స్నానం ముగించుకుని నేరుగా బారిస్ అరీనాకు వెళ్ళిపోయాము. బారిస్ అంటే మంచుచిరుత. 2015లో తెరిచిన ఈ స్టేడియం నిజానికి మంచు మీద ఆడే హాకీ కోసం కట్టినది. దాదాపు పన్నెండు వేల మంది కూర్చోగల ఆ గిన్నె అడుగున మ్యాట్లు వరసగా పరిచి, ఒకే సమయంలో అన్నిటి మీదా కుస్తీలు పెడుతున్నారు. ఏ మ్యాట్ మీద ఏ దేశం ఉందో పోల్చుకోవడానికే నాకు అరగంట పట్టింది. గ్రీకో రోమన్ పోటీలు ఆ రోజుతో ముగుస్తున్నాయి. అందులో నడుము కింద పట్టుకోకూడదు, కాళ్ళు వాడకూడదు. ఆడవారి పోటీలు అప్పుడే మొదలవుతున్నాయి.

మట్టి గోదాకూ ఈ మ్యాట్‌కూ ఉన్న తేడాను ఇక్కడే చెప్పాలి. మా గోదాలో ఎర్రమన్ను జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా తవ్వి ఉంచేవారు. అక్కడ గడియారం లేదు, పాయింట్లు లేవు, ఎదుటివాడి వీపు నేలకు ఆనించి చిత్తు చేసేదాకా కుస్తీ సాగేది. ఇక్కడ మూడేసి నిమిషాల భాగాలు రెండు, మధ్యలో 30 సెకన్ల విరామం. ఎదుటివారిని కూలదోసి వెనక చేరితే రెండు పాయింట్లు, వలయం బయటికి నెడితే ఒకటి, గాలిలోకి లేపి వీపు మీద పడేస్తే నాలుగో అయిదో. కాళ్ళు కూడా పట్టుకోగలిగే ఫ్రీస్టైల్‌లో పది పాయింట్ల ఆధిక్యం రాగానే కుస్తీ ఆపేస్తారు. చిత్తు చేస్తే మాత్రం ఏ పాయింట్లతోనూ పని లేదు. ఆ ఒక్క నియమం చూసినప్పుడల్లా మా వస్తాదు గారు గుర్తుకొచ్చేవారు.

53 కిలోల తరగతిలో వినేశ్ ఫోగట్ మొదటి కుస్తీ రియో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన స్వీడన్ మల్లయోధురాలు సోఫియా మాట్సన్‌తో పడింది. వినేశ్ ఆమెకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా 13–0తో ముగించేసింది. ఆ ఉత్సాహం చల్లారకముందే రెండో కుస్తీలో జపాన్‌కు చెందిన మయూ ముకైదా ఎదురైంది. అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేత అయిన ముకైదా తొందరపడదు. ఎదుటి మనిషి మణికట్టు దొరకబుచ్చుకుని, తను కోరుకున్న చోటికి ఒక్కో అడుగే నడిపిస్తుంది. వినేశ్ 0–7తో ఓడిపోయింది.

నేను పెన్సిల్ తీసి వినేశ్ పేరు మీద గీత కొట్టబోయాను. మేనల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అప్పుడే కొట్టేయకండి మావయ్యా. ముకైదా ఫైనల్‌కు వెళ్తే వినేశ్ మళ్ళీ వస్తుంది." రెపిచేజ్ గురించి నేను చదవకపోలేదు. అయినా ఓడినవాడు గోదా మట్టి దులుపుకుని ఇంటికి పోవడమే చూస్తూ పెరిగిన నా చేతికి ఆ నియమం ఇంకా అలవాటు కాలేదు. ఫైనల్ చేరిన వ్యక్తి దారిలో ఎవరెవరిని ఓడించిందో వారందరినీ మర్నాడు వెనక్కి పిలిచి, వారిలో వారికి కుస్తీలు పెట్టి, నిలిచినవారికి కాంస్యం కోసం పోరాడే అవకాశం ఇస్తారు. అంటే మధ్యాహ్నం దాకా ఎవరిని ఓడించాలని చూశామో, సాయంత్రం ఆ మనిషే గెలవాలని కోరుకోవాలి. ముకైదా తర్వాతి కుస్తీలకు వచ్చినప్పుడు మా వరసలోని భారతీయులందరం ఆమె కోసం చప్పట్లు కొట్టాము. ఆమె ఫైనల్ చేరింది. వినేశ్ పేరు పక్కన గీతకు బదులు ఒక చిన్న చుక్క పెట్టి పుస్తకం మూశాను.

సెప్టెంబర్ 18, బుధవారం

చూడటానికి వచ్చినవారికి ఉదయపు తూకాలు కనిపించవు. అయినా ఆ రోజు నిద్ర లేచినప్పటి నుంచీ నా ధ్యాస దాని మీదనే ఉంది. 2018 నుంచి ఒక్కో బరువు తరగతి పోటీలు రెండు రోజులు సాగుతున్నాయి, రెండు రోజులూ ఉదయం తూకం వేస్తారు. మొదటి రోజు కుస్తీలు పట్టి, నీళ్ళు తాగి, తిండి తిని, రాత్రికి పెరిగిన బరువును తెల్లారేసరికి మళ్ళీ దించుకోవాలి. ఓడి రెపిచేజ్‌కు వచ్చేవారికి కూడా ఇదే నియమం. ఈ రెండో తూకం ఎంత నిర్దయగా ఉండగలదో అందరికీ తెలిసింది 2024 ఆగస్టులో. పారిస్‌లో అదే వినేశ్ 50 కిలోల తరగతిలో ఒకే రోజు మూడు కుస్తీలు గెలిచి ఫైనల్ చేరి, మర్నాటి ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు పతకమే లేకుండా వెనుదిరిగింది. ఆ వార్త విన్న రోజు ఈ నోటుపుస్తకం తీసి ఈ పేజీనే చూస్తూ కూర్చున్నాను.

నూర్‌సుల్తాన్‌లో ఆ ఉదయం వినేశ్ తూకం దాటింది. రెపిచేజ్‌లో మొదట యుక్రెయిన్ మల్లయోధురాలిని 5–0తో ఓడించాక, అమెరికాకు చెందిన సారా హిల్డెబ్రాంట్ వచ్చింది. హిల్డెబ్రాంట్ అంతకుముందు ఏడాది ఇదే తరగతిలో రజతం గెలిచినది. ముకైదా చేతిలో ఓడినవారే ఇప్పుడు ఒకరితో ఒకరు తలపడుతున్నారు. ఈ ఒక్క కుస్తీ గెలిస్తే కాంస్య పోరుతో పాటు టోక్యో ప్రవేశం కూడా ఖాయమవుతుంది.

మేము కూర్చున్న చోటి నుంచి మ్యాట్ అంచు చాలా దగ్గర. వినేశ్ వేళ్ళకు చుట్టుకున్న తెల్లని టేపు ఒక కొస ఊడి వేలాడుతుండటం కూడా కనిపించింది. హిల్డెబ్రాంట్ వంగి కాలి కోసం దూసుకొచ్చింది, కాలు అందింది కూడా. మామూలుగా అక్కడే రెండు పాయింట్లు పోవాలి. వినేశ్ మాత్రం పట్టుబడిన కాలిని లాక్కోవడానికి పెనుగులాడకుండా, తన బరువంతా ఎదుటి మనిషి భుజాల మీద వేసి, నడుము చుట్టూ చెయ్యి దూర్చి, ఆమె ముందుకు తోసే బలంతోనే ఆమెను పక్కకు దొర్లించింది. ఇది ఒక్కసారి జరిగింది కాదు. కాలి కోసం వచ్చిన ప్రతిసారీ హిల్డెబ్రాంట్‌కు ఎదురు పాయింట్లే పడ్డాయి. కాలు ఇచ్చి మనిషిని తీసుకోవడం అని మా వస్తాదు గారు ఒక మాట అనేవారు. రియోలో ఇదే వినేశ్ మోకాలు విరుచుకుని స్ట్రెచర్ మీద వెళ్ళడం టీవీలో చూసిన నాకు, ఆ కాలినే ఎరగా వదిలి కూర్చున్న ఆమె ధైర్యం ఒళ్ళు గగుర్పొడిచేలా చేసింది. 8–2. ఆ క్షణాన టోక్యో ఒలింపిక్స్‌కు భారత కుస్తీ నుంచి మొదటి ప్రవేశం దక్కింది.

సాయంత్రం కాంస్యం కోసం గ్రీసుకు చెందిన మారియా ప్రెవొలారాకీతో కుస్తీ. పాయింట్లు 4–1 దగ్గర ఉన్నప్పుడు వినేశ్ ఆమెను వీపు మీదికి తిప్పి అలాగే అదిమి ఉంచింది. రెఫరీ మ్యాట్ మీద బోర్లా పడుకుని భుజాల కింద సందు ఉందో లేదో చూసి, అరచేత్తో మ్యాట్‌ను చరిచాడు. చిత్తు! ప్రపంచ పోటీల్లో వినేశ్‌కు అదే మొదటి పతకం. అదే సాయంత్రం ఫైనల్‌లో ముకైదా ఉత్తర కొరియాకు చెందిన పాక్ యాంగ్ మీ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకుంది. ఆమెకు మేము మనసులో ఎంతో రుణపడి ఉన్నాము.

సెప్టెంబర్ 19, గురువారం

మగవారి ఫ్రీస్టైల్ మొదలైంది. ఊరి తీరే మారిపోయింది. ఇరాన్ నుంచి, జార్జియా నుంచి, మంగోలియా నుంచి, రష్యాలోని దాగెస్తాన్ నుంచి జెండాలు కప్పుకుని వచ్చిన జనంతో అరీనా నిండింది.

నా పక్క కుర్చీలో ఒక కజఖ్ పెద్దాయన తన మనవరాలితో వచ్చి కూర్చున్నాడు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. నన్ను పలకరించే ముందే ఆయన చూపు నా కుడి చెవి మీద పడింది. మట్టిలో నలిగి నలిగి గట్టిపడి, మడతలన్నీ పూడుకుపోయిన చెవి అది. ఆయన తన టోపీ పైకి జరిపి ఎడమ చెవి చూపించాడు. సరిగ్గా అలాంటిదే. ఇద్దరం ఒకరి చెవి ఒకరం తడిమి చూసుకున్నాక ఇక పరిచయాలతో పని లేకపోయింది. ఆయన తన గుండె మీద వేలు పెట్టుకుని "బాలువాన్" అన్నాడు. అది మన పహిల్వాన్ మాటేనని నాకు ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. పారసీకపు పహ్లవాన్ అటు గడ్డిమైదానాల మీదుగా వెళ్ళి బాలువాన్ అయింది, ఇటు దక్కను మీదుగా వచ్చి మన పహిల్వాన్ అయింది. మనవరాలికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆ తర్వాతి మాటలన్నీ ఆ అమ్మాయి, మా మేనల్లుడు అటూ ఇటూ మోశారు.

57 కిలోల్లో రవి దహియా ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడు. హరియాణాలోని నాహ్రీ అనే పల్లె నుంచి ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియానికి చేరి అక్కడ తయారైనవాడు. ప్రపంచ పోటీలకు రావడం ఇదే మొదటిసారి. ఆర్మేనియా మల్లయోధుడు హరుత్యున్యాన్‌తో జరిగిన కుస్తీలో 0–6తో వెనకబడ్డాడు. మా వరసంతా నీరుగారిపోయింది. రవి ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. కాలు దొరకబుచ్చుకుని కూలదోయడం, రెండు చీలమండలనూ పెనవేసి దొర్లించడం, మళ్ళీ దొర్లించడం. వరసగా పదిహేడు పాయింట్లు సాధించి 17–6తో ముగించాడు. పక్కనున్న పెద్దాయన తల ఊపుతూ ఏదో అన్నాడు. "ఈ పిల్లవాడికి భయం నేర్పలేదు అంటున్నారు తాత" అని మనవరాలు చెప్పింది. క్వార్టర్ ఫైనల్‌లో మాజీ ప్రపంచ విజేత, జపాన్‌కు చెందిన యూకీ తకాహాషీని 6–1తో ఓడించి సెమీస్ చేరడంతో రవికి టోక్యో దారి దొరికింది. సెమీస్‌లో అప్పటి ప్రపంచ విజేత, రష్యాకు చెందిన జౌర్ ఉగుయెవ్ 6–4తో ఆపాడు. వీరిద్దరే రెండేళ్ళ తర్వాత టోక్యో ఫైనల్‌లో తలపడ్డారు, అక్కడా ఉగుయెవే గెలిచాడు.

ఇక 65 కిలోలు. బజరంగ్ పునియా అప్పుడు ఆ తరగతిలో ప్రపంచ నంబర్ వన్. 2013లో కాంస్యం, 2018లో రజతం, మిగిలింది స్వర్ణమే అన్న ఆశతో మేమందరం ఉన్నాము. సెమీఫైనల్‌లో ఎదురుగా ఉన్నది ఆతిథ్య దేశపు దౌలెత్ నియాజ్బెకోవ్. "అల్గా, కజాఖ్‌స్తాన్!" (ముందుకు పద) అన్న కేక కింది వరస నుంచి పైకప్పు దాకా ఒక్కటే గొంతుగా లేచింది. నా పక్కనున్న పెద్దాయన కూడా లేచి నిలబడ్డాడు. బజరంగ్‌కు ఊపిరి దమ్ము ఎక్కువ, కాళ్ళ కాపుదల కొంచెం తక్కువ. అది తెలిసినవాడే నియాజ్బెకోవ్. మొదటి భాగంలోనే ఒక నాలుగు పాయింట్ల పట్టు పడింది. రెండో భాగంలో బజరంగ్ తరుముతూ తరుముతూ వచ్చి లెక్క సమం చేశాడు. ఆరు నిమిషాలు ముగిసేసరికి బోర్డు మీద 9–9. సమం అయినప్పుడు ఎవరు పెద్ద పట్టు వేశారో మొదట చూస్తారు. నాలుగు పాయింట్ల పట్టు నియాజ్బెకోవ్‌దే కాబట్టి విజయం ఆయనకు దక్కింది.

ఆ కుస్తీలో కొన్ని తీర్పుల మీద భారత శిబిరం తీవ్ర అసంతృప్తి చెప్పింది. కోచ్‌లు తీర్పును సవాలు చేయాలంటే ఒక మెత్తని స్పాంజి దిమ్మను మ్యాట్ మీదికి విసురుతారు, వీడియో చూశాక సవాలు నిలవకపోతే ఎదుటివారికి ఒక పాయింటు దక్కుతుంది. నేను అంత దూరం నుంచి చూసి న్యాయాన్యాయాలు తేల్చగలవాడిని కాను. కాని ఒకటి మాత్రం చెప్పగలను. పోటీ అంతా అయిపోయాక బజరంగ్ మ్యాట్ దిగి వెళ్తుంటే ఆ మనిషి భుజాలు కుంగిపోయి ఉన్నాయి, చుట్టూ పన్నెండు వేల మంది ఎగురుతున్నారు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన కూర్చుని, కాసేపు ఆగి, తన సంచిలోంచి నూనెలో వేయించిన బౌర్సాక్‌లు తీసి నా చేతిలో పెట్టాడు. మన బూరె పిండి లోపల పూర్ణం లేకుండా పొంగినట్టు ఉంటాయి అవి. మాట్లాడకుండా తిన్నాను.

2021 ఆగస్టులో టోక్యోలో కాంస్యం కోసం బజరంగ్‌కు మళ్ళీ ఇదే నియాజ్బెకోవ్ తగిలాడు. ఆ రోజు 8–0.

సెప్టెంబర్ 20, శుక్రవారం

రాత్రి నాకే నిద్ర పట్టలేదంటే, ఆ కుర్రవాళ్ళకు ఎలా పట్టి ఉంటుందో ఊహించలేకపోయాను. స్వర్ణం కోసం వచ్చి సెమీస్‌లో ఓడినవాడు మర్నాడు పొద్దున్నే ఖాళీ కడుపుతో మళ్ళీ తూకం ఎక్కి, కాంస్యం కోసం అదే తీవ్రతతో దిగాలి. మట్టి కుస్తీలో ఇంత బరువైన రాత్రి ఉండదు. ఓడినవాడు ఆ రాత్రి తిని పడుకుంటాడు.

రవి ఏ తడబాటూ లేకుండా ఇరాన్‌కు చెందిన రెజా అత్రీని 6–3తో ఓడించి కాంస్యం అందుకున్నాడు. బజరంగ్ మాత్రం మంగోలియాకు చెందిన తుల్గా ముందు మొదట్లో బాగా వెనకబడ్డాడు. నిన్నటి కుస్తీ ఇంకా ఆయన ఒంట్లోంచి దిగలేదని నాకు అనిపించింది. రెండో భాగంలో కదలిక వచ్చింది. ఊపిరి అందక తుల్గా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్న ప్రతిసారీ బజరంగ్ మీదమీదకు వెళ్ళాడు. 8–7. ఒక్క పాయింటు తేడాతో వచ్చిన ఆ పతకానికి ఆయన పెద్దగా పొంగిపోలేదు కాని, నేను చూసిన కుస్తీలన్నిటిలో లోపలి బలం ఎక్కువ కావలసి వచ్చినది అదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. రాత్రి ఫైనల్‌లో నియాజ్బెకోవ్ దాగెస్తాన్ మల్లయోధుడు గజిమురాద్ రషిదోవ్ చేతిలో ఓడిపోయినప్పుడు అరీనా అంతా మూగబోయింది. ఈసారి ఆపిల్ పండు కోసి పెద్దాయనకు ఇవ్వడం నా వంతు అయింది.

అదే రోజు 74 కిలోల్లో సుశీల్ కుమార్ దిగాడు. 2010లో మాస్కోలో మనకు తొలి ప్రపంచ స్వర్ణం తెచ్చినవాడు. అజర్‌బైజాన్‌కు చెందిన గజియెవ్ మీద 9–4 దాకా ఆధిక్యంలో ఉండి, చివరికి 9–11తో ఓడిపోయాడు. అలవాటు ప్రకారం చుక్క పెట్టి ఎదురుచూశాను. గజియెవ్ ఫైనల్ దాకా వెళ్ళలేదు. రెండో రోజు ఉదయం అందరికీ రాదు.

సెప్టెంబర్ 21, శనివారం

పోటీలు మొదలయ్యేలోపు కొంత ఊరు చూశాము. ఇషీమ్ నది ఒడ్డున పాత ఊరు ఒక పక్క, కొత్త కట్టడాలు ఒక పక్క. రాజధాని ఇక్కడికి మారిన 1997కు గుర్తుగా బైతెరెక్ గోపురంలో 97 మీటర్ల ఎత్తున నిలబడి చూసే చోటు పెట్టారు. అక్కడి నుంచి చూస్తే ఊరు ముగిసిన గీత దగ్గరే మైదానం మొదలవుతుంది.

నాకు మాత్రం కజిముకాన్ ముంగయిత్పాసోవ్ పేరు పెట్టిన స్టేడియం దగ్గర ఎక్కువసేపు నిలబడాలనిపించింది. 1871లో పుట్టి 1948లో పోయిన ఈ బాలువాన్ సర్కసుల్లో తిరుగుతూ, దేశదేశాల మల్లులతో కుస్తీ పడుతూ, గుండెల మీద బరువులు మోసి చూపుతూ బతికాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తన ప్రదర్శనల సంపాదనతో సైన్యానికి ఒక విమానం కొనిచ్చాడు. ఈ వివరాలు పెద్దాయన చెబుతుంటే నాకు మా వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు కళ్ళ ముందు కదిలాడు. ఆయన కూడా సర్కసు పెట్టి, ఇనుప గొలుసులు తెంచి, గుండె మీద ఏనుగును నడిపించుకుని కలియుగ భీముడనిపించుకున్నవాడే. ఒకే కాలంలో, ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా, రెండు నేలల మీద ఒకే రకం జీవితాలు నడిచాయి. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న ఆయన విగ్రహం ఫొటో ఫోన్‌లో చూపిస్తే, పెద్దాయన దాన్ని నుదుటికి ఆనించుకున్నాడు. ఇంత కుస్తీ చరిత్ర ఉన్న మా నేల నుంచి ఈ పోటీలకు వచ్చిన భారత జట్టులో ఒక్కరు కూడా లేరన్న మాట ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

86 కిలోల్లో దీపక్ పునియా ఇరవై ఏళ్ళవాడు. అంతకు నెల ముందే ఎస్తోనియాలో జూనియర్ ప్రపంచ విజేత అయి వచ్చాడు. మొదటి కుస్తీయే ఆతిథ్య దేశపు మల్లయోధుడితో. 8–6తో గట్టెక్కాడు. తజికిస్తాన్ మల్లయోధుడి మీద 6–0, కొలంబియా మల్లయోధుడి మీద 7–6. ఆ ఒక్క పాయింటు చివరి క్షణాల్లో వచ్చింది. సెమీస్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన రైఖ్‌ముత్‌ను 8–2తో ఓడించి ఫైనల్ చేరేసరికి మేనల్లుడు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. రేపు ఎదురుపడేది ఇరాన్‌కు చెందిన హసన్ యజ్దానీ, రియో ఒలింపిక్ విజేత. నేను అప్పటికే పట్టికలో ఆ ఇద్దరి పేర్లూ ఎదురెదురుగా రాసి, పక్కన పాయింట్ల కోసం రెండు గడులు గీసి పెట్టాను. అయితే దీపక్ మ్యాట్ దిగేటప్పుడు ఎడమ పాదం పూర్తిగా మోపడం లేదని పెద్దాయన ముందే గమనించాడు. మనవరాలు ఆ మాట చెప్పినప్పుడు నేను వినిపించుకోలేదు.

61 కిలోల్లో మహారాష్ట్ర మల్లయోధుడు రాహుల్ ఆవారే సెమీస్‌లో జార్జియాకు చెందిన బేకా లొమ్తాద్జే చేతిలో ఓడి, మర్నాటి కాంస్య పోరుకు మిగిలాడు. అతనికీ ఒక చుక్క.

సెప్టెంబర్ 22, ఆదివారం

ఉదయం కబురు తెలిసిపోయింది. దీపక్ చీలమండ వాచిపోయి బరువు మోపలేకపోతున్నాడని, ఫైనల్‌కు దిగడం లేదని. ఆ కాలు మొదటి కుస్తీలోనే దెబ్బతిన్నదట. అంటే మిగిలిన మూడు కుస్తీలూ ఆ కాలితోనే గెలిచాడు. ఇంత దూరం వచ్చి ఫైనల్ చూడలేకపోతున్నామన్న బాధ కన్నా, ఆ కాలితో యజ్దానీ ముందు నిలబడితే ఆ పిల్లవాడి ముందున్న ఏళ్ళన్నీ పోయేవన్న ఆలోచనే నాకు ఎక్కువ కలిగింది. పాఠశాలలో బెణికిన కాలికి గుడ్డ చుట్టి పిల్లలను మళ్ళీ మైదానంలోకి పంపిన రోజులు నాకూ ఉన్నాయి. అలా పంపి ఉండకూడదు.

సాయంత్రం రాహుల్ ఆవారే అమెరికాకు చెందిన టైలర్ గ్రాఫ్‌ను 11–4తో ఓడించి అయిదో పతకం తెచ్చాడు. 61 కిలోలు ఒలింపిక్ తరగతి కాదు కాబట్టి టోక్యో ప్రవేశం దానితో రాదు. అతని ముఖంలో వెలుగుకు మాత్రం ఆ లోటు ఏమీ కనిపించలేదు. ఒకే ప్రపంచ పోటీల్లో భారత్‌కు అయిదు పతకాలు రావడం అదే మొదటిసారి. అంతకుముందు ఎక్కువలో ఎక్కువ 2013 బుడాపెస్ట్‌లో వచ్చిన మూడు. వినేశ్, రవి, బజరంగ్, రాహుల్ నలుగురివీ కాంస్యాలే, నలుగురూ ఓడిన మర్నాడు తిరిగి దిగి గెలుచుకున్నవే.

పెద్దాయన వెళ్ళే ముందు నా రెండు మణికట్లూ పట్టుకుని, కుస్తీకి దిగేముందు పట్టినట్టే ఒకసారి గట్టిగా అదిమి వదిలాడు. డెబ్బై దాటిన ఆ వేళ్ళలో పట్టు ఇంకా సడలలేదు. మర్నాడు ఉదయమే మా రైలు. అల్మాటీ నుంచి నా పెట్టె అప్పటికి బసకు చేరింది. స్వెట్టరు దానిలో మడత నలగకుండా ఉంది.

రాత్రి బసలో పట్టికలన్నీ ముందు పెట్టుకుని, చుక్కలు చెరిపి పతకాలు రాశాను. 86 కిలోల పేజీ చివరికి వచ్చింది. యజ్దానీ స్వర్ణం, దీపక్ రజతం అని రాశాను. ఎదురెదురుగా ఉన్న ఆ రెండు పేర్ల పక్కన నేను గీసి పెట్టిన గడుల్లో రాయడానికి అంకెలు లేవు. సున్నా వేయబోయి ఆగి, ఆ గడులను అలాగే వదిలేశాను.